వీథి నేర్పిన ఆట

బ్రెజిలు దేశములోని సావొ పౌలో రాష్ట్రమున బౌరు అను పట్టణము కలదు. అది రైలుమార్గములు కలియు కూడలి. 1940వ సంవత్సరమునకు తరువాతి దశాబ్దములో ఆ పట్టణపు పేదల పేటలలో ప్రొద్దు వాలినదనగా మట్టివీథులన్నియు పిల్లలతో నిండిపోయెడివి. వారిలో పెక్కుమందికి కాలికి చెప్పు లేదు. తోలుబంతి కొనుటకు చేతిలో డబ్బు లేదు. ఇంటిలో పాత మేజోడు ఒకటి దొరకినచో దానిలో చింకిగుడ్డలును, చిత్తు కాగితములును కూరి, మూతిని దారముతో బిగించి కట్టెడివారు. అదియే బంతి. మేజోడు దొరకని దినమున పంపరపనసవంటి కాయయే బంతి. వీథికి ఆ కొనను రెండు రాళ్ళు, ఈ కొనను రెండు రాళ్ళు ఉంచినచో ఆటస్థలము సిద్ధము. చీకటిపడి బంతి కానరాకపోవు వరకు, లేదా ఎవని తల్లియో గుమ్మములో నిలిచి కేకవేయు వరకు ఆట సాగెడిది.

ఆ పిల్లలలో ఒకని పేరు ఎడ్సన్ అరాంటిస్ డొ నసిమెంటొ. అతడు 1940 అక్టోబరు 23న జన్మించెను. తోడిపిల్లలు అతనికి పెట్టిన పేరు పెలె. ఆ పేరు అతనికి మొదట ఏమాత్రము నచ్చలేదట. ప్రపంచము మాత్రము ఆ పేరునే జ్ఞాపకముంచుకొనెను.

బ్రెజిలు పురుషుల జట్టు 1958, 1962, 1970, 1994, 2002 సంవత్సరములలో ప్రపంచ కాలిబంతి పోటీలను గెలిచెను. 2022 నాటి పోటీల వరకు మరియే దేశమును ఇన్నిమారులు గెలువలేదు. ఆ గెలుపుకంటెను లోకమునకు వింతగొలిపినది వారు ఆడెడి తీరు. ఎదుటివాని బలముతో ఢీకొనక, నడుము ఇటు ఊపి అటు సాగిపోవుట, బంతిని పాదమునకు అంటించుకొన్నట్లు నడపుట, గెలుపోటముల నడుమ సైతము నవ్వులాటగా కనబడుట వారి ఆటలోని ప్రత్యేకత. ఆ ఆటకాండ్రలో ఎక్కువమందికి తొలిగురువు వీథియే.

కాలిబంతి బ్రెజిలులో పుట్టిన ఆట కాదు. చార్లెస్ మిల్లర్ అను యువకుడు ఇంగ్లండులో చదువు ముగించుకొని 1894లో సావొ పౌలో నగరమునకు తిరిగి వచ్చుచు రెండు బంతులను, ఆట నియమముల పుస్తకమును వెంట తెచ్చెనని చెప్పుదురు. తొలిదినములలో అది సంపన్నుల క్లబ్బులలోని వినోదము. ఆ దేశమున బానిసత్వము 1888లో మాత్రమే రద్దయి యుండెను. నిన్నటివరకు బానిసలుగా నుండినవారి బిడ్డలను, రేవులలోను కర్మాగారములలోను కూలిచేయువారిని పెద్ద క్లబ్బులు తమ జట్లలో చేర్చుకొనలేదు. లోపల పచ్చిక నేల, తోలుబంతి, మేలైన బూట్లు, గోడవెలుపల మట్టివీథి. వెలుపలనుండి తొంగి చూచిన పిల్లలు ఇంటికి పోయి, తమకున్న వస్తువులతో అదే ఆటను ఆరంభించిరి. గోడ వారిని లోనికి రానీయలేదు గాని ఆటను వెలుపలికి పోకుండ ఆపజాలకపోయెను.

ఈ రెండు ఆటలును ఒకనాడు ఎదురుపడక తప్పలేదు. రియో డి జనీరో నగరమున పోర్చుగీసువారు స్థాపించిన క్లబ్బు ఒకటి కలదు. దాని పేరు వాస్కొ డ గామా. 1498లో మన కళ్ళికోట తీరమునకు ఓడలో వచ్చిన నావికుని పేరే అది. ఆ రాకకు నాలుగు వందల ఏండ్లు నిండిన 1898లో ఆ క్లబ్బును నెలకొల్పిరి. మొదట అది పడవపందెముల సంఘము. తరువాత కాలిబంతికి దిగినపుడు దాని నిర్వాహకులు రంగునుగాని, వృత్తినిగాని చూడక, బాగుగా ఆడువారిని ఏరి జట్టు కూర్చిరి. నల్లవారును, మిశ్రమజాతివారును, కూలిపనివారును చేరిన ఆ జట్టు 1923లో నగర పోటీలలో ప్రథమస్థానము పొందెను. పెద్ద క్లబ్బులవారికి అది మింగుడుపడలేదు. 1924లో వారు వేరొక సంఘమును ఏర్పరచుకొని, అందులో చేరవలెనన్న 12 మంది ఆటగాండ్రను తొలగింపవలెనని వాస్కొ క్లబ్బును కోరిరి. ఆ 12 మందిలో పెక్కురు పేదలు, నల్లవారు. క్లబ్బు అధ్యక్షుడు అందుకు సమ్మతింపక, చేరకుండుటకే నిశ్చయించుకొంటిమని లేఖ వ్రాసెను. మరుసటి సంవత్సరమే పెద్ద క్లబ్బులు దిగివచ్చి వాస్కొను చేర్చుకొనవలసి వచ్చినది. 1933లో ఆట జీతముగల వృత్తియైన పిదప వీథినుండి వచ్చినవారికి దారి మరికొంత విశాలమాయెను. 1938లో జరిగిన ప్రపంచ పోటీలలో లియోనిడాస్ అను నల్లజాతి యువకుడు 7 గోలులు చేసి, అందరికంటె మిన్నగా నిలిచెను.

వీథిలో ఆడు ఈ ఆటను బ్రెజిలు వారు పెలాడ యందురు. దీనికి ఇంతమంది యుండవలెనను లెక్క లేదు, ఇంతసేపు ఆడవలెనను గడువు లేదు. అయినను ఇది నేర్పిన విద్య తక్కువది కాదు. మేజోటి బంతిని చూడుడు. అది ఎగురదు, తిన్నగా దొర్లదు, తన్నినవాడు తలచినచోటికి పోదు. దూరముగా తన్ని దానివెంట పరుగెత్తుట వ్యర్థము. కావున పిల్లవాడు దానిని పాదముదగ్గరనే ఉంచుకొని, వ్రేళ్ళతోను మడమతోను అరికాలితోను లాలించుచు తీసికొనిపోవుట నేర్చుకొనును. అట్టివాని కాలికి ఒకనాడు నిజమైన తోలుబంతి తగిలినచో అతనికి అది ఎంత విధేయముగా తోచునో ఊహింపవచ్చును.

వీథి ఇరుకు. ఇరువదిమంది పిల్లలు, నడుమ ఒక కాలువ, బండిచక్రములు త్రొక్కిన గాడులు, అక్కడక్కడ రాళ్ళు. పరుగునకు తావు లేనిచోట నడుమును, కన్నును మోసమునకు వాడుకొనవలెను. ఎడమకు పోవుచున్నట్లు కనబడి కుడికి పోవలెను. దారి బొత్తిగా మూసికొనిపోయినపుడు ప్రక్కయింటి గోడకు బంతిని తట్టి, తిరిగి వచ్చుదానిని అందుకొని ముందునకు సాగవలెను. ఆ గోడ ఎన్నడును అలయని తోడిఆటగాడు. మరియు వీథిలో వయసుల విభజన లేదు. పదేండ్లవాడు పదునారేండ్లవానిని ఎదుర్కొనవలసినదే. దేహబలము చాలనివానికి ఉపాయమే బలము. నల్ల ఆటగాండ్రను తెల్లవారు మోటుగా త్రోసినను మధ్యవర్తులు తప్పుపట్టని ఆ తొలి కాలములో, తాకిడి తగులకుండ తప్పించుకొని పోవలసిన అగత్యమునుండియే బ్రెజిలు ఆటలోని ఒయ్యారము పుట్టినదని కొందరు చరిత్రకారులు చెప్పుదురు. అందులో సత్యమెంతయున్నను, ఇరుకుసందులో పెద్దవాండ్ర నడుమ ఆడిన చిన్నవానికి ఆ అగత్యము ప్రతిదినము కలిగెడిదే.

వీథిలో మధ్యవర్తియు లేడు. బంతి రాతిమీదుగా పోయినదా, రాతికి లోపలనుండి పోయినదా? ఈ ఒక్క ప్రశ్నపై ఎంతసేపైనను వాదము జరుగవచ్చును. కాని వాదము ముదిరినచో చీకటి పడును, ఆట చెడును. కావున ఎవరో ఒకరు తగ్గవలెను, లేదా ఇరుప్రక్కలవారును ఒప్పుకొను క్రొత్త నియమమొకటి అక్కడికక్కడ పుట్టవలెను. ఒక జట్టు మరీ బలముగా నున్నచో ఆటలో రుచి యుండదు. అప్పుడు ఒక మంచి ఆటగాడు ఆవలిప్రక్కకు మారును. ఈ న్యాయమును వారికి పెద్దలెవ్వరును నేర్పలేదు. బంతి యజమానికి కోపము వచ్చినచో మాత్రము ఏ న్యాయమును పనిచేయదు. అతడు బంతిని చంకనిడుకొని ఇంటికి పోవును. ఈ విషయమున బౌరు వీథికిని మన వీథికిని భేదమేమియు కానరాదు.

పెలె తండ్రి డొండిన్యొ కూడ కాలిబంతి ఆటగాడే. మోకాలి దెబ్బవలన అతడు పైకి రాలేకపోయెను. కుటుంబమునకు కష్టకాలము. పెలె బాల్యమున చెప్పులకు మెరుగుపెట్టి ఒకటిరెండు కాసులు సంపాదించుచుండెడివాడు. వీథిపిల్లలు కలిసి ఒక జట్టు కట్టిరి. ఊరివారు దానిని చెప్పులులేనివారి జట్టని పిలిచెడివారు. జట్టుకు కావలసిన సామగ్రి కొనుటకై వారు వేరుసెనగకాయలు వేయించి అమ్మిరి. ఆ కాయలు రైలుపెట్టెలనుండి అడుగకుండ తీసికొన్నవేయని పెలె పెద్దవాడైన తరువాత తానే ఒప్పుకొనెను.

1950వ సంవత్సరమున ప్రపంచ పోటీలు బ్రెజిలులోనే జరిగినవి. జూలై 16న రియో నగరములోని మరకానా క్రీడాస్థలమున సుమారు రెండు లక్షల ప్రజలు చూచుచుండగా బ్రెజిలు చిన్నదేశమగు ఉరుగ్వే చేతిలో 2-1 తేడాతో ఓడిపోయెను. ఆనాడు బౌరులో రేడియో యెదుట కూర్చుండిన డొండిన్యొ కన్నీరు పెట్టుకొనెను. తండ్రి ఏడ్చుట పెలె ఎన్నడును చూచి యుండలేదు. తాను పెద్దవాడై ఆ కప్పును తెచ్చి యిత్తునని తొమ్మిదేండ్ల ఆ బాలుడు తండ్రికి మాట యిచ్చెను.

పిల్లలు ఇట్టి మాటలు ఇచ్చుట వింత కాదు. ఇచ్చిన ఎనిమిదేండ్లకు అది నెరవేరుట వింత. 1934 ప్రపంచ పోటీలలో ఆడిన వాల్డెమార్ డి బ్రిటో అను శిక్షకుడు పెలెను 1956లో శాంటోస్ క్లబ్బునకు తోడుకొనిపోయెను. 1958లో స్వీడను దేశమున జరిగిన ప్రపంచ పోటీలకు పోవునాటికి పెలెకు 17 ఏండ్లు. బ్రెజిలు వారు ఈసారి వైద్యుని, దంతవైద్యుని, మనోవిజ్ఞానిని సైతము జట్టుతో తీసికొనిపోయిరి. ఆ మనోవిజ్ఞాని ఆటగాండ్రకు పరీక్షలు పెట్టి, పెలె ఇంకను పసితనము వీడనివాడనియు, అతనిని ఆడింపదగదనియు సలహా యిచ్చెను. గర్రించా యను మరియొక ఆటగాని విషయమునను అతని అభిప్రాయ మట్టిదే. శిక్షకుడు విసెంటె ఫియోలా ఆ సలహాను పాటింపలేదు. మూడవ ఆటనుండి ఆ యిద్దరును రంగమున దిగిరి.

జూన్ 29న స్టాక్‌హోము నగరమున స్వీడనుతో తుది పోరాటము. ప్రత్యర్థుల గోలుకు ఎదురుగా, నలువైపుల పొడవైన రక్షకులు క్రమ్ముకొనియుండగా పెలె వైపునకు బంతి గాలిలో వచ్చెను. అతడు దానిని రొమ్ముతో ఆపెను. ముందునకు దూకిన రక్షకుని తలమీదుగా బంతిని మెల్లగా ఎగురవేసి, తాను అతని ప్రక్కగా చుట్టివచ్చి, బంతి నేలకు తాకకమునుపే గోలులోనికి తన్నెను. ఇరుకుసందులో పెద్దవాడు అడ్డము వచ్చినపుడు చిన్నవాడు చేయునది సరిగా ఇదియే. ఆనాడు బ్రెజిలు 5-2 తేడాతో గెలిచెను. అందులో రెండు గోలులు పెలెవి. ఆట ముగిసిన పిదప అతడు తోడివారి భుజములపై తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చెను. మనోవిజ్ఞాని చెప్పిన పసితనము అబద్ధము కాదు!

గర్రించా కథ వేరు. అతడు 1933లో రియోకు సమీపమున పావు గ్రాండి అను బట్టలమిల్లు గ్రామమున పుట్టెను. అతని కాళ్ళు రెండును వంకరలే. ఒకటి లోపలికి, ఒకటి వెలుపలికి వంగియుండెను. ఒకటి రెండవదానికంటె పొట్టి. గర్రించా యనగా ఒక చిన్నపిట్ట. క్రమమైన వ్యాయామశాలయందైనచో అట్టి కాళ్ళవానిని గుమ్మములోనే త్రిప్పి పంపియుందురు. వీథి అతనిని త్రిప్పి పంపలేదు. వంకరకాళ్ళతో ఎట్లు మలుపు తిరుగవలెనో అతడు తనకు తానే కనిపెట్టెను. ఆ మలుపును ఎదుటివాడు ముందుగా గ్రహింపలేకుండెను, ఏలయన అట్టి కాళ్ళను అతడెన్నడును చూచి యుండలేదు. 1962లో చిలీ దేశమున పెలె గాయపడి రెండవ ఆటతోనే తప్పుకొనగా, కప్పును తిరిగి గెలుచుటకు ముఖ్యకారకుడు గర్రించాయే. పెలెయు గర్రించాయు కలిసి ఆడిన ఏ ఆటలోను బ్రెజిలు జట్టు ఓడలేదు. అంతవాడును కడపట త్రాగుడు పాలై, 1983లో, ఏబదియేండ్లు నిండకమునుపే మరణించెను. వీథి అతనికి ఆట నిచ్చినది. ఆట ముగిసిన పిదప ఎట్లు బ్రతుకవలెనో చెప్పువారు అతనికి దొరకలేదు.

వీథిలో మొలచినది చెట్టగుటకు పెద్దల చేయికూడ కావలెను. ఇందుకు మన దేశమునందే ఒక నిదర్శన మున్నది. 1948లో లండను ఒలింపిక్కులలో భారత జట్టులోని పెక్కుమంది వట్టికాళ్ళతోనే ఫ్రాన్సుతో ఆడి, 2-1 తేడాతో మాత్రమే ఓడిరి. వట్టికాళ్ళతో ఆడి పెరిగిన ఇట్టి ఆటగాండ్రను తీర్చిదిద్దినవారిలో హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీము ప్రముఖుడు. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. బలము తక్కువగు కాలితోనే తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు జరిపించెడివాడు. పిల్లలు వీథిలో కల్పించుకొను నియమముల వంటిదే ఇది. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పెరిగిన తులసీదాస్ బలరాము వంటివారు ఆయన శిక్షణలో దేశపు జట్టునకు ఎక్కిరి. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్కులలో భారత జట్టు నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకమును పొందెను. 1963లో రహీము మరణించెను. 1960వ సంవత్సరమునకు తరువాత భారతదేశపు పురుషుల జట్టు మరల ఒలింపిక్ పోటీలలో ఆడియుండలేదు.

బ్రెజిలులోను నాటి వీథులు నేడు లేవు. నగరములు పెరిగి ఖాళీస్థలములలో భవనములు లేచినవి. వీథులను మోటారుబండ్లు ఆక్రమించినవి. ఇరుకు ఆటకు మాత్రము మరియొక ఇల్లు దొరకినది. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో జువాన్ కార్లోస్ సెరియానీ అను వ్యాయామోపాధ్యాయుడు పై కప్పుగల శాలలో ఆడదగిన చిన్న కాలిబంతిని రూపొందించెను. ప్రక్కకు ఐదుగురు, బంతి చిన్నది, బరువైనది, అంతగా ఎగురనిది. మేజోటి బంతి లక్షణములు దానిలో కొన్ని కనబడుచున్నవి కదా! తరువాతి తరములలోని రొనాల్డిన్యొ, నేమార్ వంటివారు చిన్నతనమున ఈ ఆట నాడియే పాదములకు పదును పెట్టుకొనిరి. కాని శాలకు తలుపు కలదు, రుసుము కలదు. వీథికి అవి లేకుండెను.

వీథికి తలుపు లేదనుట కూడ సగము సత్యమే. అది బాలురకు మాత్రమే తెరచియుండెను. 1941లో బ్రెజిలు ప్రభుత్వము, స్త్రీల స్వభావమునకు సరిపడని ఆటలు వారు ఆడరాదని ఒక శాసనము చేసెను. 1965లో అధికారులు నిషిద్ధ క్రీడలలో కాలిబంతిని పేరుపెట్టి చేర్చిరి. 1979 వరకు ఆ నిషేధము తొలగలేదు. అనగా పెలె కప్పు గెలిచిన మూడుమారులును, దేశమంతయు వీథులలో ఆడి పాడిన ఆ దినములలోను, అదే ఆటను ఒక బాలిక క్రమముగా క్లబ్బులో ఆడుటకు చట్టము ఒప్పుకొనలేదు. వంకరకాళ్ళవానిని కాదనని వీథి తిన్నని కాళ్ళుగల ఎందరు బాలికలను ఇంటికి పంపినదో లెక్క వ్రాసినవారు లేరు.

నిషేధము పోయిన ఏడేండ్లకు, 1986లో, అలగోవాస్ రాష్ట్రమున డొయిస్ రియాచోస్ అను చిన్న ఊరిలో మార్తా జన్మించెను. వానలు తక్కువగు మెట్టనేల అది. ఎవరో పారవేసిన గాలిపోయిన బంతిని, అదియు లేనపుడు ఉండచుట్టిన అంగడిసంచులను తన్నుచు ఆమె బాలురతో వీథిలో ఆడెను. ఊరివారు నవ్విరి, నిందించిరి. ఒక పోటీలో బాలికయను కారణముచే ఆమెను ఆడనీయలేదు. 14 ఏండ్ల వయసున ఆమె ఒంటరిగా బస్సెక్కి, మూడుదినములు ప్రయాణము చేసి రియో నగరము చేరెను. అక్కడ ఆమెను చేర్చుకొన్న క్లబ్బు ఏదనగా వాస్కొ డ గామా. 1924లో ఆ 12 మందిని విడువనన్న క్లబ్బే.

తరువాత ఆమె ప్రపంచములోని ఉత్తమ క్రీడాకారిణిగా ఆరుమారులు ఎన్నికైనది. 2003 మొదలు 2019 వరకు ఐదు ప్రపంచ పోటీలలో ఆమె చేసిన గోలులు 17. అంతవరకు ఆ పోటీలలో పురుషులలోగాని స్త్రీలలోగాని ఎవ్వరును అన్ని చేసియుండలేదు. 2024లో పారిస్ ఒలింపిక్కులలో, 38 ఏండ్ల వయసున, ఆమె తన మూడవ రజతపతకమును అందుకొనెను. ఆ సంవత్సరముననే అంతర్జాతీయ కాలిబంతి సంఘము 2027 నాటి స్త్రీల ప్రపంచ పోటీలను జరుపుటకు బ్రెజిలును ఎన్నుకొనెను.